బాక్సులు ఎక్కే బండా, పిల్లలు ఎక్కే బండా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దన్నారు. వయసు నలభై ఒకటి. పగలు ఒక మిర్చి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తారు. స్నేహితులతో ఆదివారాలు సరదాగా మొదలుపెట్టిన కరోకే (రికార్డు చేసిన సంగీతం పెట్టుకుని పాడడం) మూడేళ్ళలో ఆయనకు రెండో సంపాదన అయింది. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, రిటైర్మెంట్ ఫంక్షన్లు, పెళ్ళికి ముందు రోజు సంగీత్‌లు. నెలకు ఆరు ప్రోగ్రాములు, సగం గుంటూరులో, సగం విజయవాడలో.

సామాను మొత్తం సొంతమే. ఆంప్లిఫయర్ లోపలే ఉండే పదిహేను అంగుళాల పవర్డ్ స్పీకర్ బాక్సులు రెండు, పాడేవాళ్ళు వినడానికి చిన్న మానిటర్లు రెండు, సౌండ్ మిక్సర్, లాప్‌టాప్, నాలుగు కార్డ్‌లెస్ మైకులు, పాట సాహిత్యం చూపించడానికి 43 అంగుళాల టీవీ, స్టాండ్లు, యూపీఎస్, ఒక ట్రంకు పెట్టె నిండా వైర్లు. లేనిదల్లా బండి. ట్రాలీ ఆటోకి ఊళ్ళో అయితే ఏడు వందలు, విజయవాడ వెళ్ళి రావడానికి రెండు వేలు ఇస్తున్నారు. మొన్న వానల్లో విజయవాడ పటమటలో ప్రోగ్రాం పదింటికి ముగిస్తే, వస్తానన్న ఆటో అతను ఫోన్ ఎత్తలేదు. రాత్రి ఒంటిగంటన్నరకి ఇంకొకరు దొరికారు. దారిలో కాజ దగ్గర వాన పట్టుకుంది, ఆటో మీద పట్టా లేదు. మిక్సర్ తడిసి తొమ్మిది వేలు వదిలాయి.

ఆ రాత్రే బండి కొనాలని నిర్ణయించుకున్నారు. ఇంట్లో గొడవ కూడా అక్కడి నుంచే మొదలైంది. చిన్న సరుకు బండి టాటా ఏస్ తీసుకుందాం, మిగతా రోజుల్లో కిరాయికి తిప్పుదామని బావమరిది అంటున్నాడు. ఇద్దరు పిల్లలతో పదేళ్ళుగా స్కూటర్ మీదే తిరుగుతున్నామని, కొంటే కారే కొనాలని భార్య పట్టు. కారైతే రెండు లక్షలు సర్దుతానని మామగారు మాటిచ్చారు. విజయవాడ సింగ్‌నగర్‌లో 2019 మోడల్ మారుతీ ఈకో వ్యాను 2 లక్షల 60 వేలకు ఉందని ఒక స్నేహితుడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. చేతిలో ఉన్నది లక్షన్నర. "బాక్సులకి బండి కొంటారుగానీ పిల్లలకి కొనరు" అని భార్య అన్న మాట దగ్గర ఉత్తరం ఆగిపోయింది. కింద ఒక్క వాక్యం ఉంది: "ఏది కొనాలో మీరు చెప్పండి, అదే కొంటాను."

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏది కొనాలో ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే మీ ఇంట్లో ఇద్దరు ముగ్గురు మనసు కష్టపెట్టుకుంటారు. అది నాకు ఇష్టం లేదు. మీ ముందున్న దారులు ఎక్కడికి తీసుకెళ్తాయో చెబుతాను. నా మొగ్గు ఎటో కూడా దాచను.

ముందు మీ సామాను తూకం వేద్దాం. పవర్డ్ బాక్సు ఒక్కొక్కటి ఇరవై కిలోలు అనుకోండి. మానిటర్లు, స్టాండ్లు, టీవీ, మిక్సర్, యూపీఎస్, వైర్ల పెట్టె అన్నీ కలిపినా 130, 140 కిలోలకు మించదు. టాటా ఏస్ మోసేది దాదాపు 750 కిలోలు. మీ సామాను అందులో అయిదో వంతు కూడా లేదు. అంటే మీకు బరువు ఇబ్బంది కాదు, ఆకారం ఇబ్బంది. బాక్సు ఎత్తు రెండడుగుల పైన ఉంటుంది, టీవీ వెడల్పు మూడడుగుల పైన ఉంటుంది. ఆ టీవీని పడుకోబెట్టి తీసుకెళ్ళకూడదు, నిలబెట్టే తేవాలి. ఈ రెండూ పట్టే చోటు, వాన పడని కప్పు, తాళం పడే తలుపు. మీకు కావలసింది ఇంతే.

సరుకు బండిలో ఇంకో సంగతి ఉంది. దాని కింద కమాను పట్టీలు నిండు లోడుకు తగ్గట్టు గట్టిగా ఉంటాయి. లోడు తక్కువైతే ప్రతి గుంతకూ బండి ఎగిరి పడుతుంది. ఇటుకలకు ఏమీ కాదు. మిక్సర్ లోపలి టంకాలకు, లాప్‌టాప్‌కు, టీవీ ప్యానెల్‌కు అది మంచిది కాదు. మా చిన్నాన్న తెనాలిలో మైకు సెట్టు అద్దెకిచ్చేవారు. సామానంతా రిక్షాలో వెళ్ళేది. పాత బొంత నాలుగు మడతలు వేసి, దాని మీద ఆంప్లిఫయర్ పెట్టి, పైన పట్టా కట్టిన తర్వాతే రిక్షా కదలనిచ్చేవారు. తొందర ఎంత ఉన్నా ఆ బొంత మానలేదు. ఏ బండి కొన్నా, కొనకపోయినా మీరు చేయవలసిన మొదటి పని అదే.

ఇప్పుడు డబ్బు. మీరు చెప్పిన రేట్ల ప్రకారం ఆటోలకు నెలకు 8,100 రూపాయలు పోతోంది. కొత్త ఈకో ఎక్స్ షోరూం అయిదు లక్షల పైచిలుకు. టాక్సు, ఇన్సూరెన్సు కలిపితే ఆరు లక్షలు దాటుతుంది. అయిదు లక్షలు అప్పు తీసుకుంటే, పది శాతం వడ్డీకి అయిదేళ్ళ వాయిదా నెలకు 10,600 పైన పడుతుంది. విజయవాడ వెళ్ళి రావడానికి పెట్రోలు ఒక్కసారికి అయిదారు వందలు. టోల్, సర్వీసు, ఏటా ఇన్సూరెన్సు వేరే. నెలకు పదమూడు వేలకు తగ్గదు. ఆషాఢంలో, పుష్యంలో, మూఢాల్లో పెళ్ళిళ్ళు ఉండవు, మీకు ప్రోగ్రాములు తగ్గుతాయి. ఆ నెలల్లో ఆటో ఖర్చు కూడా తగ్గుతుందిగానీ వాయిదా తగ్గదు. కాబట్టి బండి కొంటే డబ్బు మిగులుతుందన్న లెక్క మీ మనసులో ఉంటే ఇప్పుడే తీసేయండి. బండితో మీరు కొనుక్కునేది నిశ్చింత. రాత్రి ఒంటిగంటన్నర దాకా పటమట రోడ్డు మీద బాక్సుల పక్కన కూర్చున్న మనిషికి అదేమీ చిన్న సంగతి కాదు. కానీ ఆ నిశ్చింత ఖరీదు నెలకు అయిదు వేలని తెలిసి కొనాలి.

మీ ఉత్తరంలో మీరు చూడని విషయం ఇక్కడే ఉంది. నెలలో ఆరు రాత్రుల కోసం మాత్రమే అయితే బండి గిట్టదు. మిగతా ఇరవై నాలుగు రోజులు ఇల్లు కూడా వాడుకుంటే గిట్టుతుంది. పిల్లల్ని స్కూల్లో దింపడం, ఆసుపత్రి, ఊరి ప్రయాణం, వర్షంలో కూరగాయలు. మీ భార్య అడిగేది మీ వ్యాపారానికి అడ్డం వస్తోందని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం, మీ లెక్క నిలబడేదే ఆమె అడిగిన దాని మీద అనిపిస్తోంది.

బావమరిది ఆలోచనను తేలిగ్గా తీసేయడం లేదు. ఏస్ వల్ల సంపాదించుకున్న కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఏస్ గురించి మీరు విన్న భయాల్లో కొన్నింటికి ఆధారం లేదు కూడా. కిరాయి బండ్ల పసుపు నంబరు ప్లేటుకి వేరే లైసెన్సు కావాలని మీకెవరో చెప్పారని రాశారు. 7,500 కిలోల లోపు బండిని మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని 2017లో చెప్పిన మాటనే 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ కూడా అక్కరలేదు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) మాత్రం తప్పదు. కొత్త బండికి మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడూ బండిని పరీక్షకు తీసుకెళ్ళాలి.

నా అనుమానం వేరే చోట ఉంది. ఏస్‌కి కిరాయి బాగా దొరికేది ఎప్పుడు? మంచి ముహూర్తాలున్న రోజుల్లో. టెంట్ హౌస్ వాళ్ళకి, వంటవాళ్ళకి, డెకరేషన్ వాళ్ళకి అందరికీ ఆ రోజే బండి కావాలి. మీ ప్రోగ్రాములు కూడా ఆ రోజుల్లోనే. కిరాయికి పంపితే మీరు మళ్ళీ ట్రాలీ ఆటో వెతుక్కోవాలి, ఉంచుకుంటే కిరాయి పోతుంది. ఖాళీ రోజుల్లో తిప్పడానికి డ్రైవరు కావాలి, మీకు పగలు ఉద్యోగం ఉంది. బావమరిదే నడుపుతానంటే మంచిదే. కానీ సగం డబ్బు అతనూ పెట్టాలి, ఏ తేదీలు ఎవరివో ముందే కాగితం మీద రాసుకోవాలి. బంధువులతో ఇలా రాసుకోవడం మొహమాటమని ఆగవద్దు. రాసుకోని చోటే మాట పట్టింపులు వస్తాయి. ఇంకొకటి, వాన కోసం మూసిన బాడీ కట్టిస్తే అది చాలా అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోకి దూరదు. సామాను వీధి నుంచి మోసుకెళ్ళాలి. నడుము నొప్పి ఉందని ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేను దాన్ని వదలలేను. ఏస్ తొట్టి కన్నా వ్యాను ఫ్లోరు కిందికి ఉంటుంది. ఇరవై కిలోల బాక్సును నెలకు ఆరుసార్లు ఎక్కించి దించే మనిషికి ఆ తేడా రెండేళ్ళలో తెలిసిపోతుంది.

ఇక చిన్న కారు. మీ భార్యకు సంతోషం, మామగారి రెండు లక్షలు వస్తాయి. విజయవాడ రోడ్డులో ఒక లాభం కూడా ఉంది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత వాడకంలో ఉన్న కార్లకు, జీపులకు, వ్యాన్లకే ఇస్తారు. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. పసుపు ప్లేటుకి ఆ పాస్ రాదు. కానీ మామూలు చిన్న కారులో మీ బాక్సులు రెండూ వెనక సీటంతా ఆక్రమిస్తాయి, 43 అంగుళాల టీవీ నిలబడదు. కారుకి తగ్గట్టు సామాను మార్చుకోవడం ఒక దారి. పదిహేను అంగుళాలవి అమ్మేసి పది అంగుళాలవో, సన్నగా పొడుగ్గా ఉండే కాలమ్ స్పీకర్లో తీసుకోవచ్చు. ఇంటి ఫంక్షన్లకు, యాభై అరవై మంది ఉన్న హాలుకి అవి చాలు. ఆరుబయట సంగీత్‌కి చాలవు, అలాంటి రోజున పెద్ద బాక్సులు అద్దెకు తెచ్చుకోవాలి. మీ ప్రోగ్రాముల్లో ఆరుబయట జరిగేవి నెలకు ఒకటో రెండో అయితే ఈ దారి గురించి గట్టిగా ఆలోచించండి. ఎక్కువమంది పెద్ద ప్రోగ్రాంని మనసులో పెట్టుకుని బండి కొంటారు, తర్వాత ఏడాదంతా చిన్న ప్రోగ్రాములకి దాన్ని తిప్పుతారు.

ఈకో గురించి మీ స్నేహితుడు చెప్పినదాంట్లో చాలా నిజం ఉంది. పక్కకి జరిగే తలుపులు కాబట్టి వన్ టౌన్ సందుల్లో, మీ బ్రాడీపేట అడ్డరోడ్లలో గోడ పక్కన ఆపి కూడా సామాను దించవచ్చు. వెనక తలుపు నిటారుగా ఉంటుంది, బాక్సులు నిలబడతాయి. అయిదు సీట్ల ఈకోలో పిల్లలూ కూర్చుంటారు. కష్టాలు కూడా వినండి. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, మే నెలలో ఆ వేడి కాళ్ళకు తెలుస్తుంది. ఏసీ లేని మోడల్ మాత్రం తీసుకోవద్దు. భద్రత గురించి దాచడం తప్పు. 2016లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని అప్పటి ఈకోకి పెద్దల భద్రతలో ఒక్క స్టార్ కూడా రాలేదు. తర్వాత వచ్చినవాటిలో ఎయిర్‌బ్యాగులు పెట్టారు. పిల్లల్ని ఎక్కించుకునే బండి కాబట్టి మీరు చూసే మోడల్లో ఎన్ని ఉన్నాయో అడగండి. 2019లో తయారీ ఆగిపోయిన మారుతీ ఓమ్నీ వ్యాను చవగ్గా దొరుకుతోందని ఎవరైనా అంటే, జాతీయ రహదారి మీద రాత్రిపూట తిరిగే మీకు అది వద్దనే చెబుతాను.

ఆ సింగ్‌నగర్ బండి విషయంలో నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. వేలాది బండ్లు మునిగాయి. అందులో చాలా వాటిని కడిగి, ఇంజను విప్పి బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కించారు. ఆ బండి కూడా మునిగిందని నేను అనడం లేదు, అమ్మేవారిని అనుమానించమనీ చెప్పడం లేదు. కానీ చూడకుండా బయానా ఇవ్వకండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి, మడతల్లో ఎండిన బురద గీత కనిపిస్తుందేమో. సీటు పట్టాల కింద బోల్టులు తుప్పు పట్టాయేమో. కింద మ్యాట్ ఎత్తి వాసన చూడండి. హెడ్‌లైటు లోపల మట్టి మరక ఉందేమో. ఇన్సూరెన్సు పాలసీ నంబరు తీసుకుని, 2024లో క్లెయిమ్ అయిందేమో ఆ కంపెనీలోనే అడగండి. ఆటోనగర్‌లో మీకు నమ్మకమున్న మెకానిక్‌కి ఓ వెయ్యి ఇచ్చి పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూపించండి. మునిగిన బండిలో ముందు వైరింగ్ పాడవుతుంది. అది ఒక్క రోజులో కాదు, ఆర్నెల్లకో ఏడాదికో ఒక రాత్రి మిమ్మల్ని కాజ దగ్గర నిలబెడుతుంది. మీరు తప్పించుకోవాలనుకున్నది సరిగ్గా అదే కదా.

ధర విషయంలోనూ గట్టిగా నిలబడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద, సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తది చవకైతే పాతదీ తగ్గాలి. అంతకు ముందు అనుకున్న రేటే ఎవరైనా చెబుతుంటే ఒప్పుకోకండి.

ఇన్సూరెన్సు గురించి మీరు అడగలేదు, కానీ చెప్పి తీరాలి. సొంత కారు పాలసీలో కిరాయికి తిప్పకూడదని, సరుకు రవాణాకి వాడకూడదని రాసి ఉంటుంది. సొంత లగేజీ, శాంపిళ్ళు మాత్రం మినహాయింపు. మీ కరోకే సామాను సొంత లగేజీ కిందకి వస్తుందా, సరుకు కిందకి వస్తుందా అన్నది ప్రమాదం జరిగాక వాదించుకునే విషయం కాకూడదు. పాలసీ తీసుకునే ముందే ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. వెనక సీట్లు శాశ్వతంగా తీసేయడం లాంటి మార్పులు ఆర్టీఏ అనుమతి లేకుండా చేయకండి. బండి పాలసీ లోపలున్న మీ సామానుకి వర్తించదు. సామానుకి వేరే పాలసీ తీసుకోవాలి, దాని గురించి కూడా అదే రోజు అడగండి.

ఏ బండైనా డ్రైవరు సీటు వెనక ఇనుప జాలీ ఒకటి బిగించే వీలుందా చూడండి, అది లేకపోతే సామాను బిగించి కట్టే రాట్చెట్ బెల్టులైనా కొనండి. అరవై కిలోమీటర్ల వేగంలో సడన్ బ్రేక్ వేస్తే కట్టని బాక్సు ఆగదు, మీ మెడ మీదకే వస్తుంది. ఎండాకాలం లాప్‌టాప్, కార్డ్‌లెస్ మైకుల బ్యాటరీలు బండిలో వదిలేసి తాళం వేయకండి. రాత్రి పది దాటాక ఆరుబయట మైకు పనికిరాదు కాబట్టి మీ తిరుగు ప్రయాణం ఎలాగూ పదకొండు తర్వాతే మొదలవుతుంది. పగలంతా ఉద్యోగం, సాయంత్రమంతా పాటలు, ఆపైన ముప్పై అయిదు కిలోమీటర్ల డ్రైవింగ్. ఒంటరిగా రావద్దు. ఆటోలో వెళ్ళినప్పుడు కునుకు తీసేవారు, సొంత బండిలో ఆ వీలు ఉండదు.

బండి ఇప్పుడే కొనకపోవడం కూడా ఒక దారే, దాన్ని ఓటమి అనుకోకండి. ఒక మంచి ట్రాలీ ఆటో అతన్ని కుదుర్చుకుని, నెలలో ఆరు ట్రిప్పులూ అతనికే ఇస్తానని చెప్పండి. పదింటి తర్వాత వెయిటింగ్‌కి గంటకింత అని ముందే మాట్లాడుకోండి. ఆ రాత్రి ఆటో అతను ఎందుకు రాలేదో మనకు తెలియదుగానీ, వెయిటింగ్‌కి డబ్బు లేని చోట ఇంకో కిరాయి దొరికితే ఎవరైనా వెళ్ళిపోతారు. మిక్సర్‌కి, లాప్‌టాప్‌కి ఫోమ్ వేసిన గట్టి పెట్టెలు, మంచి పట్టా, చక్రాల ట్రాలీ కొనండి. పదిహేను వేలలో అయిపోతుంది. ఇలా ఒక సీజన్ నడిపి, ప్రతి ప్రోగ్రాం ఖర్చు ఒక పుస్తకంలో రాయండి. లెక్కలు రాయడం మీకు కొత్తేమీ కాదు. నెలకు ఆరు కాస్తా పదయితే బండికి తొందరపడవచ్చు, నాలుగయితే ఆగినందుకు సంతోషిస్తారు.

నా మొగ్గు ఇది. ఈ సీజన్ ఆటోతోనే గడపండి. ఆ తర్వాత ఏసీ ఉన్న అయిదు సీట్ల వ్యాను, సొంత వాడకపు తెల్ల ప్లేటుతో, వీలైతే కొత్తది. అప్పు మూడు లక్షలకు మించకుండా చూసుకోండి. మామగారి సాయం తీసుకుంటే అది కుదురుతుంది.

ఆ సాయం తీసుకునే ముందు ఆయనతో ఒక మాట మాట్లాడాలి. ఆయన రెండు లక్షలు ఇస్తానన్నది కూతురూ మనవలూ ఎండలో వానలో తిరగకూడదని. మీరు కారనే పేరుతో ఆ డబ్బు తీసుకుని, నెల తిరక్కుండా వెనక సీటు మీద బాక్సులు పెడితే ఆయన పైకి ఏమీ అనకపోవచ్చు. మీ భార్య మాత్రం మర్చిపోదు. వ్యాను కొంటున్నానని, అందులో సామాను వేస్తానని ముందే చెప్పండి. నెలలో ఏ రోజులు సామానువో, ఏ రోజులు ఇంటివో క్యాలెండర్ మీద గుర్తుపెట్టి చూపించండి. ప్రోగ్రాం మర్నాడు పొద్దునకల్లా బండి ఖాళీ చేసి తుడిచి ఇస్తానని మీ భార్యకు మాటివ్వండి. అది నిలబెట్టుకోగలరో లేదో మీకే తెలుసు. నిలబెట్టుకోలేననుకుంటే మామగారి డబ్బు ముట్టుకోకండి.

షోరూంకి వెళ్ళే ముందు మీ బాక్సు, టీవీ కొలతలతో అట్టపెట్టెలు తయారు చేసుకుని వెంట తీసుకెళ్ళండి. కొలతల కాగితం కన్నా అవి బాగా చెబుతాయి. ఆ రోజు మీ భార్యను, పిల్లలిద్దర్నీ కూడా తీసుకెళ్ళండి. ముందు వాళ్ళు ఎక్కి కూర్చోవాలి. తర్వాత మీ అట్టపెట్టెలు.